కమిటీకి చూపించిన తల్లి చేప

నా పదవీ విరమణకు ముందు సంవత్సరం, ఫిబ్రవరి నెలాఖరులో, మా జంతుశాస్త్ర విభాగానికి తనిఖీ కమిటీ వస్తోందని కబురు వచ్చింది. అప్పటికి నేను విభాగంలో సీనియర్ ప్రొఫెసర్‌ని, చేపల ప్రవర్తన ల్యాబుకు ఇన్‌చార్జిని. కమిటీ అంటే బయటి విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే పెద్దలు. క్యాంపస్‌లో మకాం వేసి, ఒక్కో విభాగం తిరిగి చూసి, గ్రేడు ఇచ్చి వెళతారు. ఆ గ్రేడును బట్టే కొత్త పరికరాలు, కొత్త పోస్టులు, వానకు కారే పైకప్పుకు మరమ్మతులు. అందుకని కమిటీ వస్తోందంటే విభాగమంతా పెళ్లింటి హడావుడే. గోడలకు రంగులు, బల్లలకు వార్నీషు, ఏళ్ల తరబడి సీసాల్లో నానుతున్న పాములకు కొత్త లేబుళ్లు.

మా ల్యాబులో పెంచేవి మరుగుజ్జు సిక్లిడ్‌లు. సిక్లిడ్ అంటే చాలామందికి అక్వేరియం దుకాణాల్లో కనిపించే అరచేయంత చేపలు గుర్తొస్తాయి. మావి అందులో పొట్టి జాతి, ఆపిస్టోగ్రామా. మేం 'ఆపిస్టో' అనేవాళ్లం. మగది వేలంత ఉంటుంది, ఆడది అందులో సగం. దక్షిణ అమెరికాలో, అడవి ఆకులు రాలి కుళ్లే సన్నటి వాగుల్లో వీటి పుట్టుక. గుడ్లు పెట్టిన ఆడది నిమ్మపండు రంగుకు మారిపోతుంది. మగదాన్ని దగ్గరకు రానివ్వదు. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక వాటిని గుంపుగా వెంటబెట్టుకుని, రెక్కల విదిలింపుతో సైగలు చేస్తూ, మేత దొరికే చోటికి తీసుకుపోతుంది. ఆపదనిపిస్తే ఒక్క విదిలింపు, పిల్లలన్నీ ఇసుకకు అతుక్కుపోతాయి. ముప్పై ఏళ్లు చూశాను, నాకు విసుగు పుట్టలేదు.

వీటిని పెంచాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది నీళ్ల గురించే. మన బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లటి పొర కట్టే రకం. ఆ నీళ్లలో పెద్ద చేపలు ఎలాగో బతుకుతాయి గాని గుడ్లకు బూజు పడుతుంది. అందుకని ఆర్వో నీళ్లలో కాస్త మామూలు నీళ్లు కలిపి, ఎండిన బాదం ఆకులు వేస్తాం. నాటు బాదం చెట్లకు క్యాంపస్‌లో కరువు లేదు. ఆకులు నానేకొద్దీ నీళ్లు పల్చటి కాఫీ డికాక్షన్ రంగుకు వస్తాయి. చూసినవాళ్లు మురికనుకుంటారు. ఆ చేపకు అదే శుభ్రం. గాలి బుడగలతో పనిచేసే స్పాంజి ఫిల్టరు ఒకటి, గుడ్లు పెట్టుకోవడానికి అంచున నోరు కోసి బోర్లించిన కొబ్బరి చిప్ప ఒకటి ఉంటే ఇంట్లో చిన్న ట్యాంకు కూడా వీటికి సరిపోతుంది.

నా దగ్గర అప్పుడు స్వరూప పీహెచ్‌డీ చేస్తుండేది. జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. ఇంట్లో పత్తి వ్యవసాయం, ఇంటర్ చదివే చెల్లెలు. స్వరూప పరిశోధన ప్రశ్న చెప్పడానికి చాలా చిన్నది. తల్లి చేప పక్క తల్లి పిల్లల్ని ఎన్నాళ్ల వరకు తన పిల్లలతో కలుపుకుంటుంది, ఎప్పటి నుంచి పరాయివని తరిమేస్తుంది? నాలుగు తల్లుల మీద పని పూర్తయింది. అయిదోది చివరిది. అది అయిపోతే వేసవిలో థీసిస్ ఇవ్వవచ్చు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులు పడబోతున్నాయని, వచ్చే ఏడాది మొదట్లో ఇంటర్వ్యూలని అందరూ అనుకుంటున్నారు. ఇంటర్వ్యూ నాటికి పట్టా చేతిలో ఉండాలి. థీసిస్ ఇచ్చిన తర్వాత పరీక్షకుల నివేదికలు, వైవా కలిపి ఆరేడు నెలలు ఎటూ పడుతుంది. కాబట్టి ఆ అయిదో తల్లి ఆ వేసవి దాటకూడదు. దానికి తోడు, స్వరూప రిజిస్ట్రేషన్ గడువు ఏప్రిల్‌తో ముగుస్తోంది. పొడిగింపు కావాలంటే విభాగాధిపతి సిఫారసు ఉండాలి. ఆ దరఖాస్తు ఆయన టేబుల్ మీదే ఉంది.

ల్యాబుకు రంగులు వేస్తారని తెలియగానే నాకు భయం పట్టుకుంది. చేపల గదిలో రంగు వేయడం మంచిది కాదు. గాలి పంపు గదిలోని వాసననంతా పీల్చి నీళ్లలోకి బుడగలుగా వదులుతుంది. మిగతా ట్యాంకులను పక్క గదిలోకి మార్చి, గుడ్లకు సిద్ధంగా ఉన్న అయిదో జంటను తార్నాకలోని మా ఫ్లాటుకు తీసుకుపోయాను. హాల్లో, టీవీ పక్కన ట్యాంకు పెట్టాం. మావారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ గోధుమరంగు నీళ్లు చూసి, "ఇంత డికాక్షన్ ఉంది, నాకు మాత్రం రెండో కాఫీ లేదంటావు" అన్నారు. చేపలు మేడ మీద తొట్లలో పెరిగిన డాఫ్నియా తినేవి. డాఫ్నియా అంటే ఆవగింజంత కూడా ఉండని నీటిపురుగులు, ఎగిరెగిరి ఈదుతాయి. పచ్చనీళ్ల తొట్లు చూసి అపార్ట్‌మెంట్ వాళ్లు దోమలంటూ గొడవ చేశారు. దోమ గుడ్లు పెట్టకుండా తొట్లకు వలగుడ్డ కట్టి వాళ్ల నోరు మూయించాను.

వచ్చిన వారంలోపే ఆడది గుడ్లు పెట్టింది. పెంకుటింటి కప్పుకు అంటుకున్న కందిరీగ గూడులాగా చిప్ప లోపలి పైభాగానికి ఎర్రటి గుడ్లు అతుక్కుని ఉన్నాయి. మగదాన్ని తీసి వేరే ఉంచాం. పిల్లలు ఈదడం మొదలవగానే స్వరూప పని మొదలైంది. చూసే మనిషి చేపకు కనిపించకూడదు. అందుకని ట్యాంకు ముందు నా పాత నూలు చీర అడ్డంగా కట్టి, దానికి చిన్న చీలిక పెట్టాం. స్వరూప హాస్టల్ నుంచి నడిచి వచ్చి, చీర వెనక పీట వేసుకుని కూర్చునేది. ల్యాబులో విడిగా పొదిగించి తెచ్చిన పరాయి పిల్లల్లో కొన్నింటిని గాజు గొట్టంతో మెల్లగా వదిలి, తల్లి వాటిని ఏం చేస్తుందో రాసుకునేది. మావారు టీవీ బంద్ పెట్టి, వంటింటి మీదుగా చుట్టు తిరిగి బయటికి వెళ్లేవారు. ఆయన సణగలేదని చెప్పను గాని ఒక్కరోజు కూడా చీర తొలగించి చూడలేదు.

తల్లి బాగా చేస్తోంది. మొదటి విడత పరాయి పిల్లల్ని కలుపుకుంది. రెండో విడతనూ కలుపుకుంది. ఇంకా రెండు విడతలు మిగిలాయి. అసలు మలుపు వచ్చేది ఆ రెండింటిలోనే.

అప్పుడు మా విభాగాధిపతి నన్ను పిలిపించారు. ఆయన పరాన్నజీవుల శాస్త్రంలో పేరున్న మనిషి, పరిపాలనలో కష్టపడే మనిషి. ఆయన హయాంలోనే మా మ్యూజియానికి తలుపులు, మా స్కాలర్లకు కూర్చునే గది వచ్చాయి. ఇది చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టు. కమిటీ రాకకు రెండు రోజులుంది. చేపల ల్యాబులో తల్లీపిల్లలను చూపిస్తామని కార్యక్రమంలో రాశామనీ, వాటిని ల్యాబుకు తెప్పించమనీ అన్నారు.

గుంపును కాస్తున్న తల్లిని కదపకూడదని చెప్పాను. పిల్లలతో ఉన్న తల్లికి చోటు మారితే, వాటిని కాపాడుకోలేనని అనుకుంటే, తినేస్తుంది. ఈ చేపల్లో ఇది మామూలే. మిగతా ట్యాంకులు చూపిద్దాం, వీడియో చూపిద్దాం అన్నాను.

"మిగతా ట్యాంకుల్లో చేపలు ఆకుల కింద దాక్కుంటాయి మేడమ్. వీడియో చూపించడానికి వాళ్లను ఇంతదూరం పిలవడమెందుకు? పనిచేస్తున్న ల్యాబు చూపించాలి కదా" అన్నారు ఆయన. చేపలు విభాగం ఆస్తి, అవి ఎక్కడుండాలో చెప్పే అధికారం విభాగాధిపతిది. అది ఇద్దరికీ తెలుసు. అయినా నేను కుదరదనే చెప్పి లేచి వచ్చాను.

సాయంత్రం ఇంట్లో స్వరూపకు విషయం చెప్పాను. "నువ్వు ఊ అను, రేపు పొద్దున్నే వీసీ దగ్గరికైనా పోతాను. ఇట్ల చేస్తే ఊరుకునేది లేదు" అన్నాను. నాకు కోపం వస్తే మా ప్రొద్దుటూరు మాట దానంతటదే వచ్చేస్తుంది.

స్వరూప చీర వెనక నుంచి లేచి వచ్చింది. "కొట్లాడకుండ్రి మేడమ్. నా ఫైలు ఆయన టేబుల్ మీదనే ఉన్నది. పొడిగింపు రాకపోతే ఈ చేప ఉండి ఏం ఫాయిదా? తీస్కపోదాం. నేనే పైలంగ తీస్కపోతా" అంది.

"తింటే?"

"తినదనుకుందాం మేడమ్."

పని ఆమెది, భవిష్యత్తు ఆమెది. ఆమె మాటకు నేను అడ్డం పోలేదు.

మరుసటి రోజు ఉదయం చేయగలిగిన జాగ్రత్తలన్నీ చేశాం. ట్యాంకు నీళ్లనే క్యాన్లలో పట్టాం. అవే ఆకులు, అదే చిప్ప, అదే ఇసుక. తల్లిని, పిల్లలను వలతో పట్టకుండా చిన్న డబ్బా ముంచి నీళ్లతో సహా ఎత్తాం. కారులో స్వరూప డబ్బాను ఒళ్లో పెట్టుకుని, మీద తువ్వాలు కప్పి కూర్చుంది. తార్నాక చౌరస్తాలో గుంతలు వచ్చినచోట డబ్బాను ఒళ్లోంచి చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది. ల్యాబులో కొత్త ట్యాంకు నీళ్లను సన్నటి గొట్టంతో, సెలైన్ ఎక్కించినట్టు, చుక్కచుక్కగా డబ్బాలోకి వదిలి అలవాటు చేశాం. అంతా అయ్యాక విభాగాధిపతి వచ్చి చూసి, ఈ రంగు నీళ్లు మార్చలేమా అని అడిగారు. మార్చలేమని చెప్పాను. పట్టుబట్టలేదు. కాని చీర కట్టడానికి ఒప్పుకోలేదు. చూడడానికి వచ్చేవాళ్లకు చీర చూపిస్తామా అన్నారు. ఆ మాటా నిజమే.

గదిలో రంగు వాసన ఇంకా పోలేదు. కిటికీలన్నీ తెరిపించాను. రోజంతా బల్లలు జరిపేవాళ్లు, పోస్టర్లు అతికించేవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. తల్లి పిల్లల్ని నోట్లోకి తీసుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకు మార్చడం మొదలుపెట్టింది. నోట్లోకి తీసుకోవడం మోసుకుపోవడానికి, ఉమ్మితే పిల్ల భద్రంగా ఉన్నట్టు. సాయంత్రానికి కొన్నింటిని తీసుకుని ఉమ్మకపోవడం స్వరూప చూసింది. నాతో చెప్పి, ట్యాంకు మూడు పక్కలా నల్ల కాగితం అంటించి, దీపం ఆర్పి, గదికి తాళం వేసింది. ఆ సమయంలో మేం చేయగలిగింది అంతే.

కమిటీ వచ్చిన రోజు పొద్దున నేను వెళ్లేసరికి స్వరూప ట్యాంకు ముందు నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక్కటి లేదు మేడమ్" అంది. ఇద్దరం టార్చి వేసి ఆకులు, చిప్ప, ఇసుక వెతికాం. ఒక్కటీ లేదు. విభాగాధిపతికి చెబుదామని చూస్తే ఆయన అప్పటికే కమిటీకి స్వాగతం చెప్పడానికి గేటు దగ్గరికి వెళ్లారు. ఫోన్ ఎత్తలేదు. ఎవరు ఎటుపోయినా చేపకు మేత వేయాలి. స్వరూప తెచ్చిన డాఫ్నియాను చిన్న గిన్నెడు ట్యాంకులో వదిలింది.

తల్లి వాటిని తినలేదు. డాఫ్నియా ఎగురుతూ ఒకచోట గుమికూడాయి. తల్లి నిమ్మపండు రంగుతోనే వాటి కిందికి వెళ్లి, రెక్కలు విదిలించి ఆగింది. అవి చెదిరితే చుట్టు తిరిగి మళ్లీ గుంపు దగ్గరికి చేరింది. మునుపు పిల్లల్ని ఎలా తిప్పిందో అలాగే. ఇలా జరుగుతుందని నేను చదివాను, చూడడం అదే మొదలు. నాకు ఏడుపు వచ్చింది. ఆ వయసులో, ఆ హోదాలో, ట్యాంకు ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

అడుగుల చప్పుడు వినిపించింది. కమిటీ లోపలికి వచ్చింది. ఛైర్మన్‌గారు తెలుగువారే, ఉద్యోగరీత్యా కర్ణాటకలో స్థిరపడ్డారు. విభాగాధిపతి వారిని నేరుగా ట్యాంకు దగ్గరికి తీసుకొచ్చారు. "ఇదే సార్ మేం చెప్పిన తల్లి. పిల్లల్ని ఎలా తిప్పుతోందో చూడండి." ఆయన నిజంగానే పిల్లలనుకున్నారు. డికాక్షన్ నీళ్లలో, ఆ దూరం నుంచి, చేపల మనుషులు కానివాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు. కమిటీలో ఒక మేడమ్ ఫోన్ తీసి ఫొటో తీసుకుని, ఎంత ముద్దుగా ఉన్నాయో అన్నారు. ఇక తర్వాతి గదికి కదలబోతున్నారు.

"సార్, అవి పిల్లలు కావు" అంది స్వరూప.

అందరూ ఆగారు.

"డాఫ్నియా సార్. పొద్దున మేతకు ఏసిన. పిల్లలు లేవు. తల్లి తినేసింది."

ఛైర్మన్‌గారు కళ్లజోడు పైకి నెట్టి మళ్లీ వంగారు. "మరి వీటికి ఎందుకు కాపలా కాస్తోంది?"

"పిల్లలు పోయినా కాపలా బుద్ధి ఎంటనే పోదు సార్. గంతే సైజుల, గుంపుగ కదిలేది ఏది కనబడ్డా పిల్లలే అనుకుంటది. ఆకలైనా తినదు."

"బాగుంది. థీసిస్‌లో రాస్తున్నావా?"

"ఒక్క తల్లిని చూసి రాయలేను సార్. ఇంకా చూడాలె."

"ఇంతకుముందు తల్లులు కూడా పిల్లల్ని తిన్నాయా?"

"లేదు సార్."

"మరి ఇదెందుకు తిన్నది?"

స్వరూప విభాగాధిపతి వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను తల ఊపాను. "మొన్నటిదాంక మేడమ్ వాళ్లింట్ల ఉండె సార్. మీకు చూపెడదామని ఈడికి తెచ్చినం."

ఛైర్మన్‌గారు నన్ను అడిగారు, ఇది నిజమేనా అని. నిజమేనన్నాను. రంగు వాసన కూడా కారణమై ఉండవచ్చు, దాన్ని కొట్టిపారేయలేం, కాని చోటు మార్చడమే ముఖ్యమని నా అభిప్రాయం అని చెప్పాను. ఆయన కాసేపు చేపను చూసి, స్వరూప పేరు అడిగి, తర్వాతి గదికి వెళ్లారు.

మధ్యాహ్నం విభాగాధిపతి నన్ను పిలిచారు. "మీ స్కాలర్ నలుగురిలో నా పరువు తీసింది మేడమ్" అన్నారు. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

"వాళ్లు చేప సంగతి అడిగినారు సార్, చెప్పింది. అబద్ధం చెప్పమని నేను నేర్పించలేదు" అన్నాను. పిల్లలు పోయిన సంగతి పొద్దున తనకు తెలిసి ఉంటే ఆ గది చూపించేవాణ్ని కాదని ఆయన అన్నారు. స్వరూప దరఖాస్తు మీద మరుసటి రోజే గట్టిగా సిఫారసు రాసి పంపించారు. పొడిగింపు వచ్చింది. విభాగానికి గ్రేడూ అనుకున్నదే వచ్చింది.

రానివి చేప పిల్లలే. ఆ ఆడదీ మగదీ మళ్లీ జత కట్టలేదు. వేసవి ముదిరింది. నీళ్లు వేడెక్కితే ఆపిస్టోలు గుడ్ల జోలికి పోవు. ట్యాంకుల మీదికి ఫ్యాన్లు తిప్పాం, చల్లటి నీళ్ల సీసాలు తేల్చాం. వేరే జంటలను కట్టి చూశాం. వానలు పడి నీళ్లు చల్లబడ్డాకే ఇంకో తల్లి గుడ్లు పెట్టింది. స్వరూప మొదటి విడత నుంచి మళ్లీ మొదలుపెట్టి, పని పూర్తి చేసి, థీసిస్ ఇచ్చేసరికి శీతాకాలం వచ్చింది. లెక్చరర్ ఇంటర్వ్యూలు ముందు అనుకున్నట్టే జరిగిపోయాయి. ఆమె చేతిలో పట్టా లేదు. ఇంటర్వ్యూ జరిగిన రోజు మా ఇంటికి వచ్చి, హాల్లో కూర్చుని, మావారు ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయింది. తర్వాత పట్టా వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అలాంటి నోటిఫికేషన్ రాలేదు. ఇప్పుడామె ఉప్పల్ దగ్గర ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది. చెల్లెలి చదువు ఆగలేదు, స్వరూపే చదివించింది. అందుకు సాయంత్రం ట్యూషన్లు కూడా చెప్పింది.

ఈ సంగతి మా విభాగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కమిటీ ముందు నోరు జారి ఒక అమ్మాయి ఉద్యోగం పోగొట్టుకుందని, అందుకే పెద్దల ముందు నోరు అదుపులో పెట్టుకోవాలని కొత్త స్కాలర్లకు బుద్ధులు చెబుతారట. ఈ మధ్య ఒక కొత్త స్కాలర్ నా దగ్గరికి వచ్చి ఇది నిజమేనా అని అడిగితే చెప్పాను. స్వరూప మాట వల్ల ఎవరికీ ఏమీ పోలేదు. సిఫారసు వచ్చింది, పొడిగింపు వచ్చింది, గ్రేడు వచ్చింది. ఉద్యోగం పోయింది అంతకుముందు రోజు ఉదయం, పిల్లలున్న తల్లిని మేం డబ్బాలోకి ఎత్తినప్పుడు. ఏది దేనివల్ల జరిగిందో విడదీసి చూడడమే మా వృత్తి.